హోమ్‌స్టెడ్ పూర్వీకుడి జాడ పట్టడం ఎలా?

హోమ్‌స్టెడ్ అంటే 1862 చట్టం కింద అమెరికా ప్రభుత్వం సాగుకు ఇచ్చిన భూమి. అలా భూమి పొందిన పూర్వీకుడి కోసం అమెరికా 1900 జనాభా లెక్కలతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. పుట్టిన నెల, ఏడాదితో పాటు, వలస వచ్చినవాళ్లయితే అమెరికా చేరిన సంవత్సరమూ అందులో ఉంటుంది. 1890 పత్రాల మీద ఆశ పెట్టుకోకండి. 1921 వాషింగ్టన్ అగ్నిప్రమాదం తర్వాత మిగిలినవి బహు కొద్ది. 1880లో ఇంటి యజమానితో బంధుత్వం రాశారు, 1850–1870 మధ్య రాయలేదు. అప్పటి ఇంట్లో కనిపించే పిల్లలంతా ఆ దంపతుల బిడ్డలేనని తేల్చేయడమే చాలామంది చేసే పొరపాటు. 1840, అంతకుముందు ఇంటి పెద్ద పేరొక్కటే.

అసలు సమాచారం భూమి ఫైల్లో ఉంటుంది. 1862 చట్టం కింద 160 ఎకరాల వరకు పొందినవాళ్ల పట్టాలను జనరల్ ల్యాండ్ ఆఫీస్ (ఫెడరల్ భూముల కార్యాలయం) రికార్డుల వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. పట్టా మీది ల్యాండ్ ఆఫీస్ పేరు, సర్టిఫికెట్ నంబరు, భూమి ఎక్కడుందో చెప్పే సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ నంబర్లు రాసుకుని, అమెరికా ప్రభుత్వ పాత పత్రాలు భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్‌ను ఆ భూమి కేస్ ఫైల్ అడగండి. పట్టా ఒక్క కాగితమే. ఫైల్లో ఇల్లు, సాగు, కుటుంబం వివరాలు, సాక్షుల వాంగ్మూలాలు, విదేశంలో పుట్టినవాళ్లయితే పౌరసత్వ పత్రాలు దొరుకుతాయి. సాక్షుల పేర్లను వదలొద్దు, వాళ్లు చుట్టాలే కావచ్చు.

పట్టా కనబడలేదా? మధ్యలో భూమి వదిలేసినవాళ్లకు పట్టా రాదు. రైల్వే కంపెనీ దగ్గర కొనుంటే కౌంటీ (జిల్లా లాంటిది) దస్తావేజుల్లో చూడాలి. టెక్సస్‌లో హోమ్‌స్టెడ్ కింద పంచడానికి ఫెడరల్ భూములే లేవు, అక్కడ రాష్ట్ర ల్యాండ్ ఆఫీసే దిక్కు.