బొలీవియా వార్తను చదివించడం ఎలా: కోకా ఆకు నుంచి రాయబార కార్యాలయం దాకా

రాయగడలో మేము నలుగురైదుగురం కలిసి ప్రతి శనివారం సాయంత్రం డిగ్రీ, ప్లస్ టూ పిల్లలతో అంతర్జాతీయ వార్తలు చదివిస్తుంటాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పోటీ పరీక్షలో ఇంగ్లీషు వాడే పిల్లలు వీళ్లు. ఏ దేశపు వార్త ఇచ్చినా ఎలాగో ఒక దారి పట్టుకుంటారు గానీ బొలీవియా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరో ఒకరు "అంటే అక్కడ గంజాయి రైతుల నాయకుడే ప్రెసిడెంటు అయిపోయాడన్నమాట, మాస్టారూ" అని తేల్చేస్తారు. వాళ్లు అనేది కోకా రైతుల సంఘాల నుంచి వచ్చి ఆ దక్షిణ అమెరికా దేశానికి అధ్యక్షుడైన ఇవో మొరాలెస్ గురించి. మల్కనగిరి వైపు నుంచి వచ్చే మూటల కథలు వింటూ పెరిగిన పిల్లలకు ఆ పోలిక తట్టడంలో వింత లేదు. అయితే ఆ పోలికతో మొదలుపెడితే రాజకీయం, మాదకద్రవ్యాల రవాణా, విదేశాంగం మూడూ కలిసి ముద్దయిపోతాయి. గుణుపురం, జయపురం, పర్లాకిమిడిలో ఇలాంటి చదువులు నడిపేవారికి పనికొస్తుందని, మేము కొన్నేళ్లుగా సరిదిద్దుకుంటూ వచ్చిన పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆకును పొడినుంచి విడదీయాలి. వార్తలో కోకా అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో, కొకైన్ అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో పిల్లలచేత రెండు రంగుల పెన్సిళ్లతో గీతలు పెట్టించండి. కోకా ఒక పొద. దాని ఆకును ఆండీస్ కొండల మీది జనం శతాబ్దాలుగా బుగ్గన పెట్టుకుంటున్నారు. సముద్రమట్టానికి దాదాపు 3,600 మీటర్ల ఎత్తున ఉన్న లా పాజ్ నగరంలో కొత్తగా దిగినవారికి కోకా ఆకు వేసిన వేడినీళ్లు ఇవ్వడం మామూలు మర్యాద. ఆకుతో పాటు బూడిదతో చేసిన క్షారపు ముద్దను కాస్త నోట్లో వేసుకుంటారని చెప్పగానే మన పిల్లలకు తమలపాకూ సున్నమూ గుర్తొస్తాయి. ఆ పోలికను రానివ్వండి, అది గంజాయి పోలిక కన్నా ఎంతో నయం. కొకైన్ సంగతి వేరు. అది ఆ ఆకులోని ఒక రసాయనాన్ని వేరుచేసి తీసిన మాదకద్రవ్యం, దాన్ని బొలీవియా చట్టం కూడా నేరంగానే చూస్తుంది. ఈ తేడా మరిచి ఒకసారి మా గోడపత్రికకు "బొలీవియాలో కొకైన్‌కు చట్టబద్ధత" అని శీర్షిక పెట్టింది నేనే. అది వారం రోజులు గోడమీదే ఉంది. చివరికి ప్లస్ టూ చదివే అమ్మాయి ఒకతె "వార్తలో ఆకు అనే ఉంది కదండీ" అని మెల్లగా అంటే గానీ నాకు తెలిసిరాలేదు. పెన్సిళ్ల పద్ధతి ఆ మర్నాటి నుంచే మొదలైంది.

ఇక్కడే అంతర్జాతీయ చట్టాన్ని ప్రవేశపెట్టడం మంచిది, ఎందుకంటే తరువాతి తగాదాలన్నిటికీ వేరు అందులోనే ఉంది. 1961లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో కుదిరిన మాదకద్రవ్యాల ఒడంబడిక, కొకైన్‌నే కాక కోకా ఆకును కూడా మొదటి జాబితాలో చేర్చి, ఆకు నమిలే అలవాటును ఒడంబడిక అమల్లోకి వచ్చిన 25 ఏళ్లలోగా రూపుమాపాలని షరతు పెట్టింది. అదే ఒడంబడిక గంజాయి మొక్క విషయంలో పూత కొమ్మలను పట్టుకుని, విడిగా ఉన్న ఆకులనూ గింజలనూ నిర్వచనం నుంచి వదిలేసింది. మన దేశపు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కూడా గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొనలని చెప్పి, వాటితో కలవని ఆకును పక్కనపెట్టింది. శివరాత్రికి భంగు తాగేవారికి దొరికే వెసులుబాటు ఆ సందులోంచి వచ్చిందే. (అనుమతి లేకుండా మొక్కను పెంచడం మాత్రం నేరమేనని పిల్లలకు తప్పకుండా చెప్పండి.) భారతదేశానికి దక్కిన ఆ వెసులుబాటు బొలీవియా ఆకుకు దక్కలేదన్న మాట ఒక్కటి అర్థమైతే, ఆ దేశం ఆకు కోసం ఎందుకంత పట్టుదలగా ఉందో సగం అర్థమైనట్టే.

రెండో పని పటం. బొలీవియా మొత్తాన్ని చూపించవద్దు, రెండే చోట్లు చూపించండి. లా పాజ్‌కు ఈశాన్యంగా కొండవాలులో ఉన్న యుంగాస్ ప్రాంతంలో కోకా పాతకాలపు పంట. కోచబాంబా విభాగంలో దిగువన, అడవి నేలలో ఉన్న చపారేలో అది పెద్దయెత్తున పెరిగింది ఇటీవలి దశాబ్దాల్లోనే. ఈ తేడా వెనుక ఒక గని కథ ఉంది, దానికి కనీసం పావుగంట కేటాయించండి. 1985 ఆగస్టులో విక్టర్ పాజ్ ఎస్తెన్‌సోరో ప్రభుత్వం ధరల పెరుగుదలను అదుపు చేసే పేరిట 21060 నంబరు ఉత్తర్వు తెచ్చింది. ఆ అక్టోబరులోనే ప్రపంచ మార్కెట్లో తగరం ధర కుప్పకూలింది. ప్రభుత్వ గనుల సంస్థ 20 వేలకు పైగా కార్మికులను ఇంటికి పంపేసింది. వారిలో చాలామంది చపారేకు దిగి వచ్చి, ఏడాదికి మూడు నాలుగు కోతలిచ్చే కోకాను పట్టుకున్నారు. గనుల్లో నేర్చిన సంఘ నిర్మాణాన్ని కూడా వాళ్లు వెంట తెచ్చుకున్నారు. కోకా రైతుల సంఘాలు ఒక రాజకీయ శక్తిగా ఎదగడానికి ఇది ముఖ్య కారణమని నా అభిప్రాయం.

1988లో వచ్చిన 1008 నంబరు చట్టం యుంగాస్ వంటి సంప్రదాయ ప్రాంతాల్లో 12,000 హెక్టార్ల వరకు సాగును అనుమతించి, చపారే సాగును క్రమంగా తీసివేయవలసిన మిగులుగా లెక్కగట్టింది. 1998లో హ్యూగో బాంజెర్ ప్రభుత్వం అమెరికా సాయంతో ఆ తీసివేతను సైన్యం చేతికి అప్పగించింది. రోడ్ల దిగ్బంధాలు, కాల్పులు, చావులు జరిగాయి. చివరికి 2004లో కార్లోస్ మేసా హయాంలో రాజీ కుదిరి, చపారేలో ఒక్కో కుటుంబానికి ఒక్క కాతో చొప్పున సాగుకు ఒప్పుకున్నారు. కాతో అంటే 1,600 చదరపు మీటర్లు. పుస్తకంలో చదివితే ఆ అంకె గాలికి పోతుంది. మేము ఒకసారి పిల్లలను స్కూలు మైదానంలోకి తీసుకెళ్లి, కొబ్బరి తాడుతో ఒక్కో వైపు 40 మీటర్లు కొలిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టించాం. కొలిచిన కుర్రాడు కొరాపుట్ వైపు రైతు కొడుకు. మనసులో లెక్క వేసుకుని "నలభై సెంట్లు కూడా లేదు, మా కంది చెక్క ఇంతకంటే పెద్దది" అన్నాడు. ఒక దేశపు రాజకీయం ఆ నాలుగు ఇటుకల మధ్య పట్టే భూమి చుట్టూ తిరిగిందని వాళ్లకు వేరే చెప్పనక్కర్లేకపోయింది.

మూడోది పేర్ల చిక్కు. దీన్ని త్వరగా ముగించవచ్చు గానీ వదిలేయకూడదు. 1980 జులై 17న సైనిక కుట్రతో గద్దెనెక్కిన లూయిస్ గార్సియా మెజా ప్రభుత్వంలో హోంశాఖ చూసిన లూయిస్ ఆర్సే గోమెజ్ వేరు, 2020లో ఎన్నికై అధ్యక్షుడైన లూయిస్ ఆర్సే వేరు. మొదటాయనను మాదకద్రవ్యాల కేసులో 1989లో అమెరికాకు అప్పగించారు. మత్తు వ్యాపారుల డబ్బు వెనకుండి నడిపించిందన్న కారణంగానే చరిత్రకారులు ఆ 1980 కుట్రను కొకైన్ కుట్ర అని పిలుస్తారు. అలాగే 1985 నాటి పాజ్ వేరు, 2025లో గెలిచిన రోడ్రిగో పాజ్ వేరు. రోడ్రిగో 1989 నుంచి 1993 వరకు అధ్యక్షుడిగా ఉన్న హైమే పాజ్ జమోరా కుమారుడు. మొరాలెస్, లూయిస్ ఆర్సేల పార్టీ పేరు మాస్ అని కనిపిస్తే మన సినిమావాళ్ల మాస్ అనుకుని నవ్వుతారు, నవ్వనివ్వండి. అది "సోషలిజం దిశగా ఉద్యమం" అన్న స్పానిష్ పేరుకు పొడి అక్షరాలు.

ఇక విదేశీ సంబంధాలు. ఈ భాగానికి మేము ఒక పూర్తి శనివారం ఇస్తాం, ఎందుకంటే బొలీవియా ఎన్నికల వార్తల్లో వాషింగ్టన్ నీడ పడనిది అరుదు. 1986 చట్టం ప్రకారం అమెరికా ప్రభుత్వం ఏటా ఏయే దేశాలు మాదకద్రవ్యాల నియంత్రణలో సహకరిస్తున్నాయో ధ్రువీకరిస్తుంది. ఆ ముద్ర పడకపోతే ఆర్థిక సాయానికి గండి పడవచ్చు. 2002 ఎన్నికల ముందు అమెరికా రాయబారి మాన్యుయెల్ రోచా చపారేలోనే నిలబడి, కొకైన్ ఎగుమతిని మళ్లీ తెచ్చేవారిని గెలిపిస్తే సాయం ప్రమాదంలో పడుతుందని ఓటర్లను హెచ్చరించాడు. ఆ మాటతో కోకా రైతుల నాయకుడు ఇవో మొరాలెస్‌కు ఓట్లు పెరిగి, రెండు శాతం కంటే తక్కువ తేడాతో రెండో స్థానంలో నిలిచాడు. 2005 డిసెంబరులో దాదాపు 54 శాతం ఓట్లతో గెలిచేశాడు. ఈ కథకు ఎవరూ ఊహించని కొసమెరుపు ఒకటుంది. అదే రోచా దశాబ్దాలపాటు క్యూబాకు రహస్యంగా పనిచేశాడన్న ఆరోపణపై 2023 డిసెంబరులో అరెస్టై, నేరం ఒప్పుకుని, 2024 ఏప్రిల్‌లో 15 ఏళ్ల శిక్ష పొందాడు. అయితే 2002 నాటి హెచ్చరిక కూడా క్యూబా ఆడించిన నాటకమేనని పిల్లలు ఎగిరి గంతేస్తారు. దానికి రుజువు లేదని అక్కడే ఆపండి.

అధికారంలోకి వచ్చాక మొరాలెస్ 2006లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో కోకా ఆకును చేత్తో ఎత్తి చూపించాడు. 2008 సెప్టెంబరులో ప్రతిపక్షాన్ని రెచ్చగొడుతున్నాడంటూ రాయబారి ఫిలిప్ గోల్డ్‌బర్గ్‌ను బహిష్కరించాడు. అమెరికా కూడా బదులుగా బొలీవియా రాయబారిని పంపేసి, వాణిజ్య రాయితీలను నిలిపివేసింది. ఆ నవంబరులో అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ కార్యకలాపాలను మొరాలెస్ ఆపించాడు. 2009 రాజ్యాంగంలోని 384వ అధికరణం సహజరూపంలో ఉన్న కోకా మత్తుమందు కాదని రాసింది. తరువాతి ఎత్తును పిల్లలకు నిదానంగా వివరించండి: 2011లో బొలీవియా 1961 ఒడంబడిక నుంచి బయటికి నడిచి, ఆకు నమలడానికి మినహాయింపు పెట్టుకుని 2013లో మళ్లీ లోపలికి వచ్చింది. దాన్ని అడ్డుకోవాలంటే సభ్యదేశాల్లో మూడోవంతు అభ్యంతరం చెప్పాలి. చెప్పినవి 15 మాత్రమే. గదిలో కూర్చుని గెలవలేని వాదనను గుమ్మం దాటి మళ్లీ లోపలికి వచ్చి గెలవడం దౌత్యంలో తరచుగా కనిపించదు.

అంకెలు వచ్చినప్పుడు ముందు అడగవలసింది లెక్క ఎవరిదని. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కార్యాలయం ఉపగ్రహ చిత్రాలతో ఏటా సాగును అంచనా వేస్తుంది, అమెరికా తన అంచనా తాను వేస్తుంది, సాధారణంగా అమెరికా అంకే పెద్దది. సమితి లెక్కలో 2010లో 31,000 హెక్టార్లున్న సాగు 2015కు 20,200కు దిగింది. డీఈఏ లేని కాలంలో, సంఘాలే తమ సభ్యుల కాతోలను కాపలా కాసుకున్న కాలంలో వచ్చిన తగ్గుదల ఇది. మొరాలెస్ అభిమానులు ఇక్కడే ఆగిపోతారు, మీరు ఆగవద్దు. 2017లో 906 నంబరు చట్టం అనుమతించిన సాగును 22,000 హెక్టార్లకు పెంచింది. అందులో 14,300 యుంగాస్‌కు, 7,700 చపారేకు. 2022కు సమితి లెక్క 29,900కు చేరింది. చపారే ఆకులో ఎక్కువ భాగం అనుమతి ఉన్న సంతకు రాదన్న విమర్శ చాలాకాలంగా ఉంది. దాన్ని దాచి చెబితే అది ప్రచారం అవుతుంది గాని చదువు కాదు. పెరూలో తయారైన సరుకు చిన్న విమానాల్లో బొలీవియా మీదుగా బ్రెజిల్‌కు పోతుందన్న సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సాగు తగ్గినంత మాత్రాన రవాణా తగ్గదు.

మన ప్రాంతంతో పోలికను చివరన తీయండి, కొలిచి తీయండి. మల్కనగిరి జిల్లా చిత్రకొండ ప్రాంతంలో చాలా ఊళ్లు బలిమెల జలాశయం నీళ్లతో తెగిపోయి, 2018 జులైలో గురుప్రియ వంతెన తెరిచేదాకా పడవలమీదే బతికాయి. రోడ్డూ సంతా దూరమైన చోట తేలిగ్గా మోసుకుపోయే, ఖరీదైన పంట పాకడం చపారేలోనూ జరిగింది, ఇక్కడా జరిగింది. పోలిక అక్కడితో సరి. చపారే రైతుకు సంఘం ఉంది, ఓటుగా మారిన బలం ఉంది, ఆకుకు చట్టంలో చోటుంది. మన కొండల్లో మోత కూలి కోసం మూట ఎత్తిన కుర్రాడికి ఇవేవీ లేవు. గంజాయి 20 కిలోలు మించితే కనీసం పదేళ్ల శిక్ష మాత్రం ఉంది. ఈ మాట చెప్పేటప్పుడు గదిలో ఆ కుర్రాడి తమ్ముడే కూర్చుని ఉండవచ్చని గుర్తుంచుకుని, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఎవరినీ ఎత్తనివ్వకండి.

ఈ పద్ధతిని పరీక్షించుకోవడానికి 2025 వార్త చక్కగా సరిపోతుంది. మొరాలెస్, ఆర్సేల మధ్య చీలికతో మాస్ కుప్పకూలడం, అరెస్టు వారంటు ఉన్న మొరాలెస్ కోకా రైతుల కాపలాలో చపారేలోనే ఉండిపోవడం, అక్టోబరు 19 నాటి రెండో విడత పోలింగులో రోడ్రిగో పాజ్ గెలవడం, నవంబరు 8న ప్రమాణం చేసి అమెరికాతో సంబంధాలను తిరిగి రాయబారి స్థాయికి తేవాలనుకోవడం, ఇవన్నీ నాలుగైదు వాక్యాల వార్తలో ఇమిడిపోతాయి. దాన్ని నల్లబల్ల మీద రాసి, రంగు పెన్సిళ్లు, పటం, పేర్ల చిట్టా పిల్లల చేతికిచ్చి, ఆకు గురించి ఏముంది, చపారే ఎక్కడుంది, ఏ పాజ్, లెక్క ఎవరిది అని వాళ్లచేతే ఒకరినొకరు అడిగించండి. మీరు గంటసేపు వెనక బెంచీలో కూర్చోండి.