అడవి చూపు – 3వ పాఠం: ఋషికుల్య ఇసుకలో తాబేలు జాడ

పోయిన పాఠంలో భేట్నోయి పొలాల్లో కృష్ణజింకలు మన వాసన పట్టకుండా గాలికి ఎటు నిలబడాలో నేర్చుకున్నాం. అది పట్టపగలు చేసే పని. ఈసారి పని రాత్రిపూట, సముద్రం ఒడ్డున. బరంపురం నుంచి గంజాం దాటి, ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి వెళ్దాం. అక్కడి నోలియాల (చేపలు పట్టేవాళ్ళ) ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు కాబట్టి ఒడియా రాకపోయినా పని నడుస్తుంది.

ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకు వేలు ఒక్కసారిగా గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ. ఒడిశాలో గహిర్‌మాత తర్వాత పెద్ద పేరు ఋషికుల్యదే. శాస్త్రవేత్తలు దీన్ని నమోదు చేసింది 1994లో. సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ గుంపు వస్తుంది. కొన్నేళ్ళు అసలు రాదు కూడా. అందుకే గుంపు కోసం సెలవు పెట్టి టికెట్లు కొనకండి. గుంపు రోజుల్లో అటవీశాఖ కంచె కడుతుంది, జనం తోసుకుంటారు, నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. అదే కాలంలో ఒంటరిగా ఒడ్డెక్కే తాబేళ్ళూ ఉంటాయి. పాఠం వాటి దగ్గరే.

ముందుగా అటవీశాఖ వాళ్ళకి చెప్పండి. పల్లెలో కాపలా కాసే కుర్రాళ్ళలో ఒకరిని వెంట తీసుకెళ్ళండి. ముదురు రంగు బట్టలు వేసుకోండి. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మూడు పొరలు చుట్టండి. తెల్ల వెలుతురు పడితే ఒడ్డెక్కబోయే తల్లి నీళ్ళలోంచే వెనక్కి తిరుగుతుంది. ఫోను జేబులోంచి తియ్యకండి. “లైటు ఆర్పండి బాబూ” అని పక్కవాడు ఒకసారి అనాల్సి వచ్చిందంటే ఆ రాత్రి సగం పాడైనట్టే.

ఇక అసలు విద్య. తడి ఇసుక అంచునే నడవండి. కంటికి వెతకాల్సింది తాబేలు కాదు, దాని జాడ. రిడ్లీ కుడి ముందుకాలు, ఎడమ వెనకకాలు, తర్వాత ఎడమ ముందుకాలు, కుడి వెనకకాలు అలా మార్చి మార్చి వేస్తూ పాకుతుంది. కాబట్టి రెండు పక్కల గుర్తులూ ఎదురెదురుగా పడవు, ఒకటి విడిచి ఒకటి పడతాయి. పెద్ద పచ్చ తాబేలైతే రెండు ముందుకాళ్ళనీ ఒకేసారి లాగుతుంది, గుర్తులు జతలుగా పడతాయి.

జాడ ఒక్కటే ఉంటే తల్లి ఇంకా పైనే ఉంది. అక్కడే ఆగిపోండి. రెండు జాడలుంటే వచ్చి వెళ్ళిపోయింది. ఏది వచ్చిన దారి, ఏది వెళ్ళిన దారి? జాడలు ఒకదాన్నొకటి దాటిన చోట పైనున్నది తిరుగుదారి. అలా దాటకపోతే ఆటుని చూడండి. నీళ్ళు తగ్గుతున్నప్పుడు తిరుగుదారి ఎక్కువ దూరం సాగి ఉంటుంది, అది వెళ్ళేసరికి నీళ్ళు వెనక్కి పోయి ఉంటాయి కదా. పోటు సమయంలో ఈ లెక్క పనికిరాదు. రెండు జాడల మధ్య ఇసుక తవ్వి చిమ్మినట్టు లేకపోతే గుడ్లు పెట్టకుండానే తిరిగిపోయిందని అర్థం. కుక్కో మనిషో బెదరగొట్టి ఉండొచ్చు.

తల్లి పైనే ఉంటే వెనకవైపు నుంచి, దూరంగా, వంగి చూడండి. అది ముందు శరీరం పట్టేంత గుంట చేస్తుంది. తర్వాత వెనకకాళ్ళతో గుడ్ల గొయ్యి తవ్వుతుంది. ఒక కాలు ఇసుకని దోసిట్లోకి తీసినట్టు పైకెత్తి పక్కన పోస్తుంది, అదే క్షణంలో రెండోకాలు తన వైపు పోగైన ఇసుకని ముందుకి విసిరేస్తుంది. మళ్ళీ కాళ్ళు మారతాయి. గొయ్యి కంటికి కనబడకుండానే ఇంత లెక్కగా తవ్వుతుంది! ఈ దశలో కదిలారో, పని వదిలేసి వెళ్ళిపోతుంది.

తవ్వడం ఆగి వెనక భాగం చిన్నగా ముడుచుకుంటూ ఉంటే గుడ్లు పడుతున్నట్టు. రెండేసి, మూడేసి, మొత్తం వంద దాకా. అప్పుడు కాస్త దగ్గరికి వెళ్ళొచ్చు, అదీ వెనకనుంచే. కళ్ళలోంచి కారేది ఏడుపు కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పుని కళ్ళ దగ్గరి గ్రంథుల ద్వారా బయటికి పంపుతోంది.

గుడ్లయ్యాక ఇసుక కప్పి, శరీరాన్ని ఇటూ అటూ ఊపుతూ డిప్ప అడుగుతో ఆ చోటుని దబదబా అదుముతుంది. ఆ చప్పుడు వినగానే మీరు పక్కకి తప్పుకోండి. దానికీ సముద్రానికీ మధ్య ఎవరూ ఉండకూడదు.

అభ్యాసం: గోపాల్‌పూర్ ఒడ్డున తెల్లవారుజామున, ఆటు సమయంలో, కుక్కలవీ పీతలవీ జాడలు వెతకండి. ఏది ఎటు వెళ్ళింది, ఏది ముందు, ఏది తర్వాత అన్నది నోటుపుస్తకంలో గీసుకోండి. వచ్చే పాఠం గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చే రాత్రి గురించి. ఇప్పుడు చూసిన గూడు సుమారు 45 నుంచి 55 రోజుల్లో విచ్చుకుంటుంది, కాబట్టి గూడు చూసిన తేదీ రాసిపెట్టుకోండి. ఆ రాత్రి ఎర్ర టార్చి కూడా తీసుకెళ్ళం.