మోడల్ విమానానికి సర్వో లింకేజ్ ఎలా బిగించాలి?

విమానం తిన్నగా ఎగరక పక్కకు లాగుతుంటే చాలామంది ముందు ట్రాన్స్‌మిటర్ మెనూల్లోకి వెళ్తారు. నేనైతే ముందు లింకేజ్, అంటే సర్వో (విమానం కదిలే పలకలను తిప్పే చిన్న మోటారు) నుంచి ఆ పలకల దాకా ఉన్న తీగ, మీటలు చూడమంటాను. అక్కడ కొలత తప్పితే మెనూలో ఎన్ని అంకెలు మార్చినా సరిగ్గా కుదరదు.

ముందుగా ప్రొపెల్లర్ ఊడదీయండి. ఇది మాత్రం ఎప్పుడూ మరవకూడదు. ట్రాన్స్‌మిటర్‌లో ట్రిమ్, సబ్ ట్రిమ్ (సర్వో మధ్య స్థానాన్ని కొద్దిగా జరిపే సెట్టింగులు) అన్నీ సున్నాకు తెచ్చి బ్యాటరీ కలిపితే సర్వో 1500 మైక్రోసెకన్ల పల్స్‌తో మధ్యలో ఆగుతుంది. అప్పుడే ఆర్మ్ (సర్వో మీద తిరిగే చిన్న మీట) తొడగాలి. పుష్‌రాడ్‌కు (ఆర్మ్ నుంచి పలక దాకా వెళ్లే తీగకు), ఆర్మ్‌కు మధ్య 90 డిగ్రీలు ఉండాలి. మొదటిసారే కుదరడం అరుదు. ఆర్మ్ బయటికి లాగి ఒక్కో పన్ను జరుపుతూ చూడండి. రెండు వైపులా చేతులున్న ఆర్మ్ అయితే రెండో వైపు కూడా పెట్టి చూడండి, కొన్నిసార్లు అదే సరిగ్గా కూర్చుంటుంది. ఇంకా మిగిలిన రవ్వంత తేడాకే సబ్ ట్రిమ్ వాడండి.

తర్వాత కంట్రోల్ హార్న్, అంటే పలక మీద బిగించే రంధ్రాల మీట. దాని రంధ్రాలు హింజ్ గీతకు (పలక మడత పడే చోటుకు) సరిగ్గా పైన ఉండాలి. ముందుకో వెనక్కో జరిగితే ఎలివేటర్ (తోక మీద ముక్కును పైకీ కిందికీ తిప్పే పలక) పైకి ఒకలా, కిందికి ఇంకోలా కదులుతుంది. హార్న్‌ను హాట్ గ్లూతో మాత్రమే అతికించకండి. మే నెలలో హనుమకొండలో ఎండలో ఆపిన కారులో నా విమానం గంటసేపు ఉంది. తీసి చూస్తే జిగురు మెత్తబడి హార్న్ చేతికి ఊగుతోంది. అప్పటినుంచి వెనకాల ప్లేటు పెట్టి స్క్రూలతోనే బిగిస్తున్నాను.

పుష్‌రాడ్ ఏ రంధ్రంలో పెట్టాలన్నదే అసలు ప్రశ్న. సర్వో ఆర్మ్‌లో లోపలిది, హార్న్‌లో బయటిది. ఆర్మ్ మీద 8 మి.మీ., హార్న్ మీద 16 మి.మీ. అయితే సర్వో 45 డిగ్రీలు తిరిగినప్పుడు ఎలివేటర్ సుమారు 20 డిగ్రీలు కదులుతుంది. బలం పెరుగుతుంది, ప్లే (వదులు) తగ్గుతుంది. తీగలో అర మిల్లీమీటరు ప్లే ఉందనుకోండి. హార్న్ 10 మి.మీ. ఎత్తుంటే ఎలివేటర్ దాదాపు 3 డిగ్రీలు వదులుగా ఊగుతుంది, 20 మి.మీ. అయితే అందులో సగమే. వేగంలో ఫ్లట్టర్ (పలక గడగడ వణకడం) మొదలయ్యేది చాలాసార్లు ఈ వదులులోనే.

9 గ్రాముల సర్వోకు 1 నుంచి 1.2 మి.మీ. స్టీలు తీగ సరిపోతుంది. ఒక చివర జెడ్ బెండ్ (Z ఆకారపు వంపు) చేయండి. తోక దాకా పొడవుగా వెళ్లే తీగ నెట్టినప్పుడు విల్లులా వంగుతుంది. కాబట్టి మధ్యలో ఖాళీ అయిన బాల్‌పెన్ రీఫిల్ ముక్కలు అతికించి వాటి గుండా పోనివ్వండి. తీగ రాసుకోకుండా తేలిగ్గా జారాలి. పెద్ద మోడల్‌కు సైకిల్ షాపులో దొరికే స్పోకు మంచి పుష్‌రాడ్. క్లెవిస్ (తీగ చివర హార్న్ రంధ్రంలో పట్టే చిన్న క్లిప్పు) వాడితే దాని మీద చిన్న సిలికాన్ ట్యూబు తొడగండి, ఊడదు.

చివరగా విమానం వెనకాల నిలబడి దిశలు చూడండి. స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. కుడికి నెడితే కుడి ఐలెరాన్ (రెక్క చివర కదిలే పలక) పైకి, ఎడమది కిందికి వెళ్లాలి. స్టిక్‌ను పూర్తిగా చివరిదాకా నెట్టి పట్టుకుని చెవి పెట్టండి. సర్వో గుయ్యిమంటూ ఉంటే ఎక్కడో తగులుతోందని అర్థం. ట్రాన్స్‌మిటర్‌లో ట్రావెల్ (సర్వో తిరిగే దూరం) తగ్గించండి, లేదా తగిలే చోటు వెతికి తీసేయండి. అలాగే వదిలేస్తే సర్వో వేడెక్కి కాలిపోతుంది.