చెట్టెక్కకుండా ఎత్తు కొలవడం: నీడ లెక్క, అందులోని తిరకాసులు

పదో తరగతి సరూప త్రిభుజాల పాఠంలో ఇది ఒక్క లైను లెక్క. చెట్టు నీడ పొడవును కర్ర ఎత్తుతో గుణించి, కర్ర నీడతో భాగిస్తే చెట్టు ఎత్తు వచ్చేస్తుంది. గ్రౌండ్‌లోకి దిగి టేపు పట్టాక గానీ అసలు చిక్కు తెలియదు. తేడా వచ్చేది లెక్కలో కాదు, నీడ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అని తేల్చుకోవడంలో.

ముందు నీడ కొస సంగతి. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో సుమారు అర డిగ్రీ వెడల్పున్న బింబం. బింబం మొత్తం మరుగుపడిన చోట నీడ నల్లగా ఉంటుంది, కొంతే మరుగుపడిన చోట మసగ్గా ఉంటుంది. ఎండ 45 డిగ్రీల్లో పడేటప్పుడు 10 మీటర్ల గోడ నీడ అంచున ఈ మసక దాదాపు 18 సెంటీమీటర్లు. మీటరు కర్రకైతే రెండు సెంటీమీటర్ల లోపే. కాబట్టి రెండింటికీ మసక మధ్యలోనే గుర్తు పెట్టాలి. ఒకదానికి నల్లటి అంచు, ఇంకోదానికి మసక చివర పట్టుకుంటే జవాబు పోయినట్టే.

సన్నటి వస్తువులతో ఇంకో మోసం ఉంది. వస్తువు మందానికి 107 రెట్లు దూరం దాటాక నల్లటి నీడ అసలు మిగలదు. టవర్ కొసన నిలబెట్టిన రెండు సెంటీమీటర్ల ఇనుప ఊచ నీడ రెండు మీటర్లు దాటేసరికే పలచబడిపోతుంది, నేల మీద వెతికినా దొరకదు. మీరు కొలిచేది ఊచ కింది దాకా ఉన్న ఎత్తే.

వేళ సంగతికొస్తే, విజయవాడ అక్షాంశం సుమారు 16.5 డిగ్రీలు, గుంటూరుది 16.3. మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. నిలువు కర్రకి నీడే ఉండదు. ఆ రెండింటి మధ్య రోజుల్లో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది, అదీ జానెడే. అప్పుడు కొలిచి లాభం లేదు. నీడ దాదాపు ఎత్తుతో సమానమయ్యే వేళ అన్నిటికన్నా మంచిది. మే నుంచి ఆగస్టు మొదటి వారం దాకా అది పొద్దున 9 గంటల ప్రాంతంలో, డిసెంబరు చివర్లో 10:40 ప్రాంతంలో వస్తుంది. వేసవిలో సాయంత్రం మూడు దాటాక కూడా వస్తుంది గానీ, రోహిణి కార్తెలో ఆ ఎండకి పోకపోవడమే నయం.

కావలసినవి: మీటరు పొడవున్న తిన్నటి పీవీసీ పైపు, 30 మీటర్ల టేపు, దారానికి కట్టిన బరువు, కాస్త ముగ్గుపిండి, తోడుగా ఇంకో మనిషి. పైపుని నేల మీద నిలువుగా నిలబెట్టి, రెండు పక్కల నుంచి దారంతో సరిచూడండి. ఇక్కడ బద్ధకించకూడదు. పైపు ఎండవైపో నీడవైపో 5 డిగ్రీలు వాలితే చాలు, నీడ 9 సెంటీమీటర్ల దాకా మారుతుంది, 20 మీటర్ల చెట్టుకి సుమారు మీటరున్నర పైనే తేడా వస్తుంది. తర్వాత ఒకరు చెట్టు నీడ కొస దగ్గర, ఒకరు పైపు దగ్గర నిలబడి, ఒకేసారి ముగ్గుపిండి వేయాలి. నాలుగు నిమిషాలు ఆలస్యమైతే 10 మీటర్ల చెట్టు నీడ 35 సెంటీమీటర్ల దాకా జరిగిపోతుంది. గుర్తులు పడ్డాక టేపు నింపాదిగా పట్టొచ్చు.

ఉదాహరణకి పైపు నీడ 92 సెంటీమీటర్లు, కొబ్బరిచెట్టు మొదలు అంచు నుంచి నీడ 11.6 మీటర్లు అనుకుందాం. మాను మందంలో సగం, అంటే 15 సెంటీమీటర్లు కలిపితే 11.75. దాన్ని 0.92తో భాగిస్తే 12.8 మీటర్లు. ఈ సగం మందం కలపడం చాలామంది మర్చిపోతారు. చెట్టు వంగి ఉంటే మొదలు నుంచి కొలవనే కూడదు, మొవ్వుకి సరిగ్గా కిందున్న చోటు నుంచి కొలవాలి. వేప, రావి లాంటి గుబురు చెట్లకి నీడ కొస తలది కాకపోవచ్చు, పక్క కొమ్మది కావచ్చు. వాటికి ఈ పద్ధతి నమ్మకండి.

నేల ఎగుడుదిగుడుగా ఉంటే లెవెల్ పైపుతో (నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో) మట్టం చూడండి. నీడ కొస దగ్గర నేల మొదలు కన్నా 20 సెంటీమీటర్లు పల్లంగా ఉంటే జవాబులోంచి 20 తీసేయాలి, మెరకైతే కలపాలి. టేపు మాత్రం వాలుగా కాకుండా మట్టంగా పట్టాలి.

మరి మొదలు దగ్గరికే పోనివ్వకపోతే? ప్రహరీ లోపలి సెల్ టవర్, వెడల్పాటి పీఠం మీది విగ్రహం లాంటివి. అప్పుడు నీడ పొడవు అక్కర్లేదు, కొస ఎంత జరిగిందో చాలు. టవర్ నీడ కొసకీ పైపు నీడ కొసకీ ఒకేసారి గుర్తు పెట్టండి, గంట ఆగి మళ్లీ పెట్టండి. టవర్ గుర్తుల మధ్య దూరాన్ని పైపు గుర్తుల మధ్య దూరంతో భాగించి, పైపు ఎత్తుతో గుణించండి. పైపు కొస 48 సెంటీమీటర్లు, టవర్ కొస 14.4 మీటర్లు జరిగితే టవర్ ఎత్తు 30 మీటర్లు. అయితే పైపు దగ్గర సెంటీమీటరు పొరపాటు ఇక్కడ అరమీటరు పైనే తేడా తెస్తుంది. అందుకే దీనికి రెండు మీటర్ల పైపు మేలు, అరగంటతో సరిపెట్టొద్దు.

మీ కొలత ఎంత కచ్చితమో సరిచూసుకోవాలంటే విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024లో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం ఉండనే ఉంది. విగ్రహం 125 అడుగులు, కింద పీఠం 81 అడుగులు, మొత్తం 206 అడుగులు, అంటే 62.8 మీటర్లు. తల నీడ పీఠం దాటి చదును నేల మీద పడే వేళ చూసుకుని రెండు గుర్తుల పద్ధతిలో కొలవండి. రెండు మీటర్ల లోపు తేడాతో వస్తే బాగా కొలిచినట్టు. అంతకు మించితే ముందు పైపు నిలువుగా ఉందో లేదో చూడండి.