1971 యుద్ధంలో పోరాడిన పదాతి సైనికుడికి స్మారక మగ్గు చేయించడం

ఫొటో ఇస్తే కాఫీ మగ్గు మీద అచ్చువేసి ఇచ్చే దుకాణాలకు విజయవాడలో గాని గుంటూరులో గాని కొదవ లేదు. అయితే 1971 డిసెంబరు 3 నుంచి 16 వరకు సాగిన భారత్-పాకిస్తాన్ యుద్ధంలో పదాతి దళంలో నిలిచి పోరాడిన మనిషికి తుపాకీ బొమ్మ, ఎవరికైనా సరిపోయే నాలుగు పొగడ్త మాటలు వేయించి ఇస్తే, ఆయన మర్యాదకు పుచ్చుకుంటారే తప్ప అది తనదని అనుకోరు. ఆయన ఏ బెటాలియన్‌లో, ఏ హోదాలో, ఎక్కడ పోరాడారో అదే మగ్గు మీదికి రావాలి. అందుకని ముందుగా ఆయన డిశ్చార్జి బుక్ (సైన్యం నుంచి విరమించినప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకం) అడిగి తీసుకుని, ఆయన పక్కనే కూర్చుని చదవండి.

రెజిమెంటు పేరు ఒక్కటే రాసి ఊరుకోవద్దు. ఒక రెజిమెంటులో చాలా బెటాలియన్లు ఉంటాయి, సైనికుడు తన కుటుంబంగా భావించేది తన బెటాలియన్‌ను. మద్రాస్ రెజిమెంటునే తీసుకుంటే, 16వ బెటాలియన్ పడమట బసంతర్ నది దగ్గర పోరాడగా, అదే రెజిమెంటుకు చెందిన మరికొన్ని బెటాలియన్లు తూర్పున పోరాడాయి. పతకాలలో పూర్వీ స్టార్ ఉంటే తూర్పు రంగమని, పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి రంగమని తెలుస్తుంది. నాడు సిపాయిగా ఉన్నవారు సుబేదారుగా పదవీ విరమణ చేసి ఉండవచ్చు కనుక, ఏ హోదా వేయాలో ఆయన్నే అడగాలి. సైనిక రికార్డుల్లో ఇంటిపేరు తారుమారు కావడం మామూలే కాబట్టి, పేరును తెలుగులో ఆయన చేతనే రాయించుకోవడం మంచిది. సర్వీసు నంబరు పింఛను కాగితాలతో ముడిపడి ఉంటుంది. దానిని మగ్గు మీద వేయకపోవడమే క్షేమం.

రెజిమెంటు చిహ్నం కావాలనుకుంటే ఆయన దాచుకున్న టోపీ బ్యాడ్జిని వెలుతురులో ఫొటో తీసుకోండి. జాతీయ పతాకం మీద అక్షరాలు రాయకూడదని పతాక నియమావళి చెబుతోంది కనుక, త్రివర్ణాన్ని పేరు వెనుక రంగుగా వాడవద్దు. మూడు సింహాల రాజముద్ర వాడకంపై 2005 నాటి చట్టం ఆంక్షలు పెట్టింది, దానినీ వదిలేయండి.

దుకాణాలలో సాధారణంగా వాడేది సబ్లిమేషన్ పద్ధతి. ప్రత్యేక కాగితం మీద బొమ్మను అద్దంలో కనిపించినట్లు తిరగేసి అచ్చువేసి, పాలిమర్ పూత ఉన్న తెల్లని పింగాణీ మగ్గుకు చుట్టి, దాదాపు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని నిమిషాలు నొక్కి ఉంచుతారు. ఈ పద్ధతిలో తెల్ల రంగు అచ్చుపడదు, మగ్గు తెలుపే తెలుపుగా కనిపిస్తుంది. అందువల్ల వెలిసిపోయిన పాత నలుపు తెలుపు ఫొటోను స్కాన్ చేశాక నలుపు కాస్త పెంచమని చెప్పాలి. డిజైన్‌ను అంగుళానికి 300 చుక్కల నాణ్యతతో తయారు చేయించండి. తెలుగు అక్షరాలను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానిలోకి మార్చినప్పుడు వత్తులు, గుణింతాలు విడిపోతుంటాయి. కాబట్టి ఫైలును అక్షరాలుగా కాకుండా బొమ్మగా మార్చి ఇవ్వండి. వేడి మీద పెట్టే ముందు తెర మీద ప్రతి వత్తునూ మీరే చూసుకోవాలి, ఎందుకంటే ఒకసారి దిగిన రంగును చెరపడం సాధ్యం కాదు.

కుడిచేత్తో పట్టుకున్నప్పుడు ఒక వైపు తాగేవారికి, రెండో వైపు ఎదుట కూర్చున్నవారికి కనిపిస్తుంది. బెటాలియన్, పోరాడిన చోటు, 1971 అనే మాటలు ఎదుటివారి వైపు ఉంటే వచ్చినవారు అడుగుతారు, ఆయన చెబుతారు. ఫొటోను ఆయన వైపు ఉంచండి. ఆనాటి వారు నేడు డెబ్బై దాటినవారు. 325 మిల్లీలీటర్ల మగ్గు నిండితే వణికే చేతికి బరువే కనుక, నాలుగు వేళ్లూ దూరే పిడి ఉన్నది గాని, చిన్న మగ్గు గాని ఎంచుకోండి.

ఇవ్వడానికి డిసెంబరు 16, విజయ్ దివస్, తగిన రోజు. ఆ తేదీకి వారం ముందే దుకాణంలో పని పూర్తయితే తప్పు దొర్లినా మరొకటి చేయించే వీలుంటుంది. స్టీలు పీచుతో తోమితే పూత గీసుకుపోతుందని, మెత్తని స్పాంజితో కడగాలని ఇంట్లోవారికి చెప్పండి. మగ్గు పగిలితే మళ్లీ చేయించుకోవడానికి డిజైన్ ఫైలును దుకాణం నుంచి తీసుకుని, ఆయన పిల్లలకు కూడా పంపి ఉంచండి.