సంపు కారుతోందా? పూత కొనే ముందు ఇవి చూడండి

చెన్నైలో లారీ నీళ్లు కొనుక్కునే ఇంట్లో సంపు కారితే డబ్బు కారినట్టే. మన తెలుగు మేస్త్రీ అయినా, తమిళ కొత్తనార్ అయినా రాగానే నీళ్లు కారకుండా వేసే పూతల్లో ఏదో ఒక డబ్బా పేరు చెబుతారు. నీళ్లు ఏ వైపు నుంచి తోస్తున్నాయో తేలేదాకా ఏదీ కొనకండి.

సమస్య: మోటారు వేయకపోయినా మట్టం తగ్గుతోంది.
వాల్వులన్నీ కట్టేసి, గోడ మీద మట్టం దగ్గర గీత పెట్టి ఒక రోజు వదిలేయండి. దిగుతూ దిగుతూ ఒకచోట ఆగిపోయిందా, లీకు ఆ ఎత్తులోనే ఉంది. చాలాసార్లు అది పైపు దూరిన చోటు, లేదా కాంక్రీటు రెండు విడతలుగా పోసిన అతుకు. అడుగుదాకా దిగిపోతే గోడా నేలా కలిసే మూలనో, నేలలో పగులునో అనుమానించాలి.
పరిష్కారం: అక్కడ ఉలితో చెక్కి, కుంచించుకుపోని గ్రౌట్ (సందులు పూడ్చే సిమెంటు మిశ్రమం) నింపండి. మూలల్లో వాలుగా సిమెంటు మాల్ కట్టి, ఆ తర్వాతే పూత వేయండి. పూత పలచటి పొర, అది బొక్కలు పూడ్చదు.

సమస్య: ఖాళీ చేసిన సంపులో నీళ్లు ఊరుతున్నాయి.
తమిళ నెలలు ఐప్పసి, కార్తీకల్లో (అక్టోబరు నుంచి డిసెంబరు దాకా) పడే వానలకి వేళచ్చేరి లాంటి పల్లపు చోట్ల భూగర్భజలం పైకి వచ్చి బయటి నుంచి తోస్తుంది. లోపల రబ్బరులా సాగే యాక్రిలిక్ పూత వేస్తే వెనక నుంచి ఉబ్బి ఊడుతుంది.
పరిష్కారం: ఊటని నిమిషాల్లో గట్టిపడే ప్లగ్ సిమెంటుతో ఆపి, క్రిస్టలైన్ పూత వేయండి. అది తడి తగిలేకొద్దీ కాంక్రీటు రంధ్రాల్లోనే స్ఫటికాలు కడుతుంది. పని ఎండాకాలంలో పెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. పక్కనే సెప్టిక్ ట్యాంకు ఉంటే మాత్రం నీళ్లు పరీక్ష చేయించాకే తాగండి.

సమస్య: పూత పెచ్చులుగా లేస్తోంది.
ఒక పెచ్చు తిప్పి వెనక చూడండి. సిమెంటు పొడో పాచో అంటుకుని ఉంటే గోడ సరిగా గీకలేదు. శుభ్రంగా ఉంటే గోడ మరీ నున్నగానో, పొడిగానో ఉన్నప్పుడు పూశారు.
పరిష్కారం: గరుకు తేలేదాకా వైర్ బ్రష్ కొట్టండి. గోడ తడిగా ఉండాలి, నీళ్లు మాత్రం నిలవకూడదు. రెండో కోటు మొదటిదానికి అడ్డంగా వేయాలి.

సమస్య: గోరు పెడితే పిండి రాలుతోంది.
మిట్టమధ్యాహ్నం పూసి ఉంటారు, లేదా చిక్కగా ఉందని నీళ్లు కలిపి ఉంటారు. గీకేసి, ఎండ తగ్గాక డబ్బా మీది కొలతలోనే కలిపి వేయించండి. క్రిస్టలైన్‌కి నీళ్లు చిలకరిస్తూ తడిగా ఉంచాలి. యాక్రిలిక్ కలిసినదాన్ని మామూలుగా గాలికి ఆరనిస్తారు.

సంపులో దిగే ముందు మూత తీసి, ఫ్యాను పెట్టి గాలాడించండి. పైన ఒక మనిషి లేకుండా ఎవర్నీ దించొద్దు. పూత పూర్తిగా ఆరాక పట్టిన మొదటి నీళ్లు పారబోయండి.