ఉరిశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో డిఫెన్స్ వైపు ఇంటర్న్‌షిప్: నల్లగొండ, పాలమూరు లా విద్యార్థులకు దరఖాస్తు విధానం

మొన్న ఎండాకాలంలో ఒక జిల్లా కోర్టు ఆవరణలో దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఇద్దరు లా విద్యార్థులు కనిపించారు. చేతిలో కాలేజీ లెటరు, ముఖంలో టెన్షన్. లెటరులో "రెండు నెలల ఇంటర్న్‌షిప్" అని రాసి ఉందని లోపల వెనక్కి పంపేశారట. బయట జిరాక్స్ షాపు దగ్గర ఒకాయన మాత్రం "మూడు వేలివ్వండి, రేపటికల్లా సర్టిఫికెట్ మీ చేతిలో ఉంటది" అని వెంటపడుతున్నాడు. వాళ్ళకు కావలసింది సర్టిఫికెట్ కాదు. మిర్యాలగూడ పరువు హత్య కేసులో 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష వేసింది కదా, అలాంటి కేసులో ముద్దాయి తరఫున నిలబడే లాయరు అసలు ఏం పని చేస్తాడో దగ్గరుండి చూడాలని వచ్చారు. అందుకు దారి ఉంది. దానికి ఫీజు లేదు, పైరవీ అక్కర్లేదు.

పోవాల్సింది మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. నల్సా (జాతీయ న్యాయసేవాధికార సంస్థ) 2022లో తెచ్చిన పథకం కింద జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్స్ అనే లాయర్లు ఉంటారు. వీళ్ళు ప్రైవేటు కేసులు తీసుకోరు. లాయరును పెట్టుకోలేని ముద్దాయిల తరఫున హత్య, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) కేసులు వాదించేది వీళ్ళే. మీరు పని చేయాల్సింది వీళ్ళ దగ్గర.

దరఖాస్తులో "ఉరిశిక్ష కేసుల్లో పని చేస్తాను" అని రాయకండి. ఉరి పడ్డ ఖైదీ ఫైలు జిల్లాలో ఉండదు. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 407వ సెక్షన్ ప్రకారం ఆ శిక్షను హైకోర్టు ఖరారు చేయాలి కాబట్టి రికార్డంతా అక్కడికి పోతుంది. మీరు "సెషన్స్ విచారణలో డిఫెన్స్ కౌన్సిల్‌కు సహాయం" అని రాయండి. తక్కువ పని అనుకోవద్దు, మనిషికి ఉరి పడాలా వద్దా అన్న వాదన మొదలయ్యేది ఇక్కడే. నేరం రుజువైందని చెప్పాక శిక్ష మీద విడిగా వినాలని అదే చట్టంలోని 258వ సెక్షన్, ఉరి వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలని 393వ సెక్షన్ చెబుతాయి. అత్యంత అరుదైన కేసుల్లో తప్ప ఉరి వేయకూడదని బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు 1980లో చెప్పింది. ముద్దాయి బాల్యం, చదువు, కుటుంబం, మానసిక ఆరోగ్యం, జైల్లో నడవడిక వంటి వివరాలన్నీ విచారణ కోర్టు ముందుకే రావాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది.

ఆ వివరాలు ఎవరు తేవాలి? తండాలో ఉన్న తల్లితో మాట్లాడాలి, మూతపడిన బడి రిజిస్టరు ఎక్కడుందో వెతకాలి, పదేళ్ళ కిందటి ఆసుపత్రి చిట్టీలు పట్టుకోవాలి. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళకంటే ఆ ఊరి బస్సు ఎన్నింటికో తెలిసిన మీరే ఈ పనికి ఎక్కువ పనికొస్తారు. ఈ మాట నేను ఊరడింపుకు చెప్పట్లేదు.

దరఖాస్తు సులువే. సంస్థ సెక్రటరీ పేరిట తెల్లకాగితం మీద ఒక పేజీ, కాలేజీ లెటరు, ఐడీ కార్డు, ఆధార్ జిరాక్స్, మార్కుల మెమోలు, రెండు ఫొటోలు. ఇచ్చాక మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

కాలేజీ లెటరులో తేదీలు చూసుకోండి. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం మూడేళ్ళ కోర్సుకు మొత్తం 12 వారాలు, ఐదేళ్ళ కోర్సుకు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. కానీ ఏ ఏడాదైనా ఏకబిగిన నాలుగు వారాలు దాటకూడదు. దేవరకొండ పిల్లలు దెబ్బతిన్నది అక్కడే. నాలుగు వారాలకు మార్చి కొత్త లెటరు తెచ్చుకుంటే సరిపోయింది.

ఇక అసలు చిక్కు గోప్యతా హామీ పత్రంతో వస్తుంది. ఫైలు చేతికిచ్చే ముందు సంతకం పెట్టించుకునే కాగితం ఇది. ఒకటే పేజీ కదా అని చదవకుండా సంతకం పెట్టేస్తారు. అందులో రెండు విషయాలుంటాయి.

మొదటిది, ఈ కేసులో ఇరుపక్షాలతోనూ మీకు సంబంధం లేదని. మన జిల్లాల్లో ఈ మాట అనడం అంత తేలిక కాదు. చనిపోయినామె మీ మేనత్త ఊరి ఆడపడుచు కావచ్చు, సాక్షి మీ నాన్న దగ్గర ఎరువులు కొనే రైతు కావచ్చు. ఉంటే ఉందని ముందే చెప్పండి. వేరే ఫైలు ఇస్తారు, అంతకుమించి ఏమీ కాదు. దాచి తర్వాత బయటపడితే నష్టపోయేది ముద్దాయి, మీరు కాదు.

రెండోది, విన్నది బయట చెప్పనని. వాట్సాప్ స్టేటస్‌లో ఫైలు ఫొటో పెట్టకూడదని అందరికీ తెలుసు (తెలిసీ పెట్టేవాళ్ళున్నారు, అది వేరే సంగతి). తెలియకుండా తప్పు జరిగేది ఇంటర్న్‌షిప్ డైరీలో. కాలేజీ డైరీలో "కేసు నంబరు, పార్టీల పేర్లు, కేసు వివరాలు" అని గడులుంటాయి. మార్కులు పోతాయన్న భయంతో ముద్దాయి లాయరుకు చెప్పుకున్నదంతా నింపేస్తారు. ఆ డైరీ స్టాఫ్ రూములో బల్ల మీద పడి ఉంటుంది. లాయరుతో క్లయింటు చెప్పిన మాటకు భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. పోక్సో కేసులో బిడ్డ ఎవరో తెలిసేలా ప్రచురిస్తే అదే ఒక నేరం.

అందుకని లెటరు తీసుకునే రోజే ప్రిన్సిపాల్‌ను అడిగి "క్లయింటు వివరాలు లేకుండా రాసిన డైరీని అంగీకరిస్తాం" అని ఒక వాక్యం వేయించండి. డైరీలో "ఒక హత్య కేసు, సాక్షుల విచారణ దశ" అని రాసి, కోర్టులో అందరి ముందూ జరిగింది మాత్రమే రాయండి. డిఫెన్స్ కౌన్సిల్‌కు చూపించి సంతకం చేయించుకున్నాకే కాలేజీలో ఇవ్వండి. ఈ ఒక్క వాక్యం లేక నెలంతా కష్టపడి చివర్లో డైరీ తిరగరాసుకున్నవాళ్ళను చూశాను.

జైలుకు ఒంటరిగా పోవద్దు. డిఫెన్స్ కౌన్సిల్ వెంట, సంస్థ లెటరుతో, ఒరిజినల్ ఆధార్‌తో పోవాలి. ఫోన్ గేటు దగ్గరే. "ములాఖత్ ఇప్పిస్తా" అని ముద్దాయి ఇంటివాళ్ళ దగ్గర ఎవరైనా డబ్బు అడుగుతున్నారని తెలిస్తే కౌన్సిల్‌కు చెప్పండి. ఆ ఇంటివాళ్ళకు న్యాయసహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరు రాసివ్వండి.

ఇంట్లో "అలాంటోడి తరఫునా?" అని అడుగుతారు. వకాలత్ మీద మీ పేరుండదు, మీరు వాదించరు, నల్ల గౌను వేసుకోరు. లాయరు లేకుండా విచారణ జరిపితే ఆ తీర్పు పైకోర్టులో నిలబడదని, చనిపోయినవాళ్ళ కుటుంబమే మళ్ళీ కోర్టు మెట్లెక్కాల్సి వస్తుందని చెప్పి చూడండి. మా ఇంట్లో ఆ మాట కొంత పనిచేసింది.

హైకోర్టు దశ పని చూడాలనుకుంటే, ఉరిశిక్ష కేసుల మీద పనిచేస్తూ ఢిల్లీలో ప్రాజెక్ట్ 39ఏ పేరుతో ఉండిన బృందం ఇప్పుడు శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీలో స్క్వేర్ సర్కిల్ క్లినిక్‌గా పనిచేస్తోంది. అక్కడికి మీరే నేరుగా రాసుకోవాలి. జిల్లా సంస్థలో చేసిన నాలుగు వారాల గురించి అందులో తప్పకుండా రాయండి, క్లయింటు పేరు మాత్రం వద్దు.

సర్టిఫికెట్ చివరి రోజు అడిగితే సెక్రటరీ సెలవులో ఉండొచ్చు. మూడో వారంలోనే హాజరు షీటు జతచేసి కాగితం పెట్టండి.